తొడిమల మీద చీమ

సీసా అడుగున బూడిద రంగు నీళ్లు.
ఇది వెండి అంటే సైదమ్మ నమ్మలేదు.
"మా కోడలి పట్టీలు ఇట్టా ఉండవే!"

వెంట్రుకను నిలువునా వెయ్యిగా చీలిస్తే
అందులో ఒక చీలికంత తీగ.
అలాంటివి కోట్లు, స్పిరిట్‌లో తేలుతూ,
కుదిపితే పొగలా లేస్తాయి.

వైరు చుట్టిన ఇనుప కడ్డీతో
పల్చటి ప్లాస్టిక్ మీద వాటిని లాగుతాను.
ఒకటే విసురు. చెయ్యి తడబడితే అక్కడే చార.
స్పిరిట్ ఆరుతుంది, తీగలు మిగులుతాయి,
కంటికి మాత్రం ఏమీ మిగలదు.
రేకు వెనక గోడమీద క్యాలెండరులో
రాహుకాలం కూడా చదువుకోవచ్చు.

మీటరు సూదులు రెండు కొసలా ఆనిస్తే
దారి లేదు అంటుంది.
మర్నాడూ అదే. నాలుగు నెలలూ అదే.
వెండి ఎక్కువ పోస్తే కరెంటు నడిచేది,
చూపు ఆగిపోయేది.
తగ్గిస్తే చూపు నడిచేది.

ఫెలోషిప్ డబ్బులు పడక
ఆ వేసవి శనివారాలు
గుంటూరు యార్డు వెనక గోడౌనులో
సైదమ్మ పక్కన కూర్చున్నాను,
ముక్కుకు తువ్వాలు కట్టుకుని
మిరపకాయల తొడిమలు తీస్తూ.
కిలోకింత అని లెక్క.
నా కిలో అయ్యేసరికి ఆమెవి మూడు.
దగ్గు మాత్రం ఇద్దరికీ సమానం.

నీలం పట్టా మీద తొడిమలు
ఎటు పడాలనుకుంటే అటు పడ్డాయి.
సందుల్లో నీలం ఇంకా నీలంగానే ఉంది.
ఎండ పడి పట్టా కాలుతోంది,
అందుకని కాబోలు, ఒక గండుచీమ
కాలు కింద పెట్టకుండా
తొడిమ మీంచి తొడిమ మీదికి,
అడ్డంగా ఉన్నదాని మీంచి ఏటవాలుదాని మీదికి
పోతూ పోతూ
ఒకచోట ఆగింది. ముందు ఖాళీ.
మీసాలాడించి వెనక్కి తిరిగింది.

నేను ఒక తొడిమ విసిరాను.
ఇంకొకటి.

అవతలి అంచుకు చేరిపోయింది.

ఎవరూ వరస పెట్టలేదు,
ఎవరూ రోడ్డు వెయ్యలేదు.
చివరి ఒక్కటి పడేదాకా
అదంతా చెత్త.

"ఏందే, చీమను చూసి ఏడుస్తన్నావా?"
"కారం, సైదమ్మా."

తర్వాత పొడుగు తీగలు పెంచాను,
తక్కువ తీగలే ఎక్కువసార్లు కలుసుకునేలా.
అయినా, తాకడం వేరు, అతుక్కోవడం వేరు.
ఒక్కో తీగ ఒంటి మీదా పెంచినప్పటి జిగురు పొర.
దాన్ని కడిగి, సన్నసెగ మీద పెట్టాలి.
సెగ మించితే తీగ తెగి చెమటబొట్లవుతుంది.
ఎన్ని రేకులు చెమట పట్టించానో చెప్పను.

ఒకసారి బుద్ధి లేక
బాగా వచ్చిన తొమ్మిది రేకులూ రబ్బరు బ్యాండు వేసి దాచాను.
రబ్బరులోని గంధకం నెలకల్లా నల్లగీత గీసి పోయింది.
వెండి కదా, దాని పాత బలహీనత దానిది.

చదరానికి ఇన్ని ఓములు అని కొలుస్తాం.
చదరం గోరంతైనా గోడంతైనా అంకె మారదు.
ఇది సైదమ్మకు భలే నచ్చింది.
"కూలి కూడా అట్టా ఉంటే బాగుండు" అంది,
ఎందుకో నాకు పూర్తిగా అర్థం కాలేదు.

ఆ వారమే రేషన్ కొట్లో
మిషను ఆమె వేలిముద్రను మూడుసార్లు కాదంది.
ముప్పయ్యేళ్ల తొడిమలు
గీతలన్నీ గీకి తీసుకుపోయాయి.

ఆదివారం రేకొకటి పట్టుకెళ్లాను.
అమృతాంజనం సీసా చుట్టూ చుట్టి,
బ్యాటరీ, చిన్న బల్బు తగిలించి
ముట్టుకోమన్నాను.
ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంది,
మళ్లీ తుడుచుకుంది,
అప్పుడు ఆనించింది.

వెలిగింది.

"నా పేరడగదా ఇది?"
"అడగదు."
"ముద్దర?"
"వేలుంటే చాలు."

తీసింది, పెట్టింది. తీసింది, పెట్టింది.
పక్కనోళ్లను పిలిచింది.
సీసా ఊడదీసి రేకును మడిచి చూసింది, నేను వద్దనేలోపే.

సోమవారం ల్యాబులో దాన్ని వెలుతురుకు పట్టుకున్నాను.
మధ్యలో మడత. మడత పక్కన
కారం అంటిన ఎర్రటి మరక, గీతలు లేనిది.
తుడవకుండానే కొలిచాను.

ఇరవై మూడు.
పుస్తకంలో రాసుకున్నాను.